మంచినూనె

మా బావ ఆ రోజు తాగి కారు నడపలేదు. ఆ సంగతి రుజువు చెయ్యడానికి నాకు దొరికిన సాక్ష్యమల్లా కారు వెనక చక్రం లోపల మిగిలిపోయిన కాస్త నూనె తడి. దాన్ని వేలితో తీసి, వాసన చూసి, అది ఏమిటో, అక్కడికి ఎందుకు వచ్చిందో చెప్పగలిగినవాణ్ణి చోడవరంలో అప్పటికి నేనొక్కణ్ణే అనుకుంటాను. గొప్పకి చెప్పడం లేదు. చెప్పి బావుకున్నదీ లేదు.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తక్కినదంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. బెల్లం కొట్లో తూకాల దగ్గర పని అయిపోగానే చేతులు కడుక్కుని నేరుగా అక్కడికి వెళ్ళేవాణ్ణి. గోళ్ళ సందున బెల్లం జిగురు ఉండిపోతే పేజీలకి చీమలు పడతాయని లైబ్రేరియను గారు నా రెండు చేతులూ తిప్పి చూసి గాని పుస్తకం ఇచ్చేవారు కాదు. నవలలకి పోటీ ఉండేది. ఎవరూ ముట్టని బీరువా ఒకటి మూలన ఉండేది, అది నాది. పశువైద్యం, గడియారాల మరమ్మతు, విద్యుచ్ఛక్తి, మోటారు వాహనాలు. మోటారు పుస్తకం ఇంగ్లీషుది. పక్కన నిఘంటువు పెట్టుకుని, బొమ్మలు చూసి గీసుకుంటూ, ఒక వర్షాకాలమంతా దానితోనే గడిపాను. అప్పటికి నేను కారు ఎక్కి ఎరగను.

బావ అంటే మా అక్క భర్త. యుద్ధంలో పటాలం లారీలు నడిపి వచ్చినవాడు. బండి నడపడంతోపాటు తాగడమూ అక్కడే నేర్చుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో అక్క పడిన అవస్థ వీధి వీధంతా చూసింది. తరవాత మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాడు. నీళ్ళలోంచి లేచిన రోజు నుంచీ సారా ముట్టలేదు. అయినా మనిషి పాత అలవాటుని అతని కన్నా అతని ఊరే ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటుంది. జ్వరం వచ్చి మిట్టమధ్యాహ్నం పడుకున్నా, మళ్ళీ మొదలెట్టేడేటి అని అక్కని పక్కకి పిలిచి అడిగేవారు. మద్యనిషేధం రోజులవి, ఎవరైనా తాగితే జాతర చూసినంత ఆసక్తిగా చెప్పుకునేవారు. అందుకే బావ పులిసిన వాసన వచ్చే ఆయుర్వేదం అరిష్టం మందు కూడా తాగేవాడు కాదు. తాగుబోతు అన్న మాట తన వెనక ఎక్కడైనా వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించి బతికేవాడు.

కారు యుద్ధానికి ముందుది. ఏదో దివాణంలోంచి బయటపడి చేతులు మారి మారి ఆయన దగ్గరికి వచ్చింది. చోడవరం, అనకాపల్లి మధ్యా, పిలిస్తే చుట్టుపక్కల ఊళ్ళకీ బాడుగకి తిప్పేవాడు. ఆ కారుకి కారని చోటు లేదు. నిలిపిన చోటల్లా కింద ముద్ర వేసి వెళ్ళేది. బావ దాన్ని పెద్దగా పట్టించుకునేవాడు కాదు, ఒక రోజు బ్రేకు మెత్తగా దిగబడే దాకా. అప్పుడు నన్ను పిలిచి, నీ పుస్తకంలో దీనికేమైనా ఉందా అని అడిగాడు.

ఉంది. పుస్తకంలో చెప్పినట్టే మొదట కారు కింద పాత వార్తాపత్రికలు పరిచి వదిలేశాను. పొద్దున్నకి మూడు రకాల మరకలు పడ్డాయి. ముందు పడింది తుప్పు రంగు నీళ్ళు. రేడియేటరు గొట్టం పట్టీ వదులైంది. నడిమిది నల్లటి ఇంజను ఆయిలు, చిక్కగా ఉంది, తొందరేమీ లేదు. వెనక ఎడం చక్రం దగ్గర పడినది మాత్రం పల్చగా, చాయ లేకుండా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసనా, దానిమీద స్పిరిట్టు ఘాటూ తగిలాయి. ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి చక్రం చుట్టూ కిరసనాయిలుతో తుడిచి, ఆరిన తరవాత తెల్లటి పొడి చల్లాలని పుస్తకం అంటుంది. సుద్ద పొడి లేదు. మా ఇంట్లో ముగ్గు వెయ్యరు గనక పక్కింటికి వెళ్ళి దోసెడు ముగ్గుపిండి అడిగాను.

ఆ ఇంటావిడ పిండి ఇస్తూ, "ఏటి బాబూ, కిరస్తానీలు ముగ్గులోకి దిగేరేటి?" అంది.

కారుకి అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

బావ బ్రేకు తొక్కుతూ ఉంటే నేను పడుకుని చూశాను. తెల్లటి పిండి మీద చక్రం లోపలి వైపు నుంచి ఒక తడి గీత నెమ్మదిగా దిగింది. నాకు ఆ గీతని చూస్తే కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. కాగితం మీద చదివిన ముక్క కళ్ళెదట నిజమవడం అదే మొదటిసారి. బావకి బొమ్మ గీసి చెప్పాను: పెడలు తొక్కితే సన్నటి గొట్టాల్లో నూనె కదిలి నాలుగు చక్రాల్లోనూ బ్రేకుల్ని నొక్కుతుంది, ఆ నూనె బయటికి రాకుండా ప్రతి చక్రం లోపలా చిన్న రబ్బరు కప్పులు ఆపుతాయి, ఇక్కడ ఒక కప్పు అరిగిపోయింది, నాలుగింటికీ ఒకటే నూనె గనక, ఒక్క చోట పోతే నాలుగూ పోయినట్టే.

బావ అనకాపల్లిలో మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు. రబ్బరు కప్పులు విశాఖపట్నం నుంచి రావాలి, కొన్నాళ్ళు పడుతుంది అన్నాడట ఆ మనిషి. అంతవరకూ మట్టం తగ్గినప్పుడల్లా పైన పోసుకుంటూ నడపమన్నాడు. ఏం పొయ్యాలని బావ అడిగితే, చేతిలో పని వదలకుండానే, "మంచి నూనె పొయ్యి. ఏది పడితే అది పోసేవంటే రబ్బరు పాడైపోద్ది" అన్నాడట.

ఆ మాట బావ ఇంటికి మోసుకొచ్చాడు. నేను ఆ రోజుల్లో ఇంటి పట్టున లేను. బెల్లం మార్కెట్టు మంచి ఊపు మీద ఉంది, గ్రంథాలయం మొహం కూడా చూడలేదు. తరవాత అక్క చెప్తేనే తెలిసింది. మా వైపు మంచినూనె అంటే నువ్వులనూనె. పుట్టినప్పటి నుంచీ ఆ మాటకి ఇంకో అర్థం వినలేదు. దీపానికీ తలకీ ఆముదం. నోట్లోకి వెళ్ళేదీ, పచ్చడిలోకి పోసేదీ మంచినూనె. బ్రేకు నూనెని ఆముదంతో చేస్తారని నేను చెప్పిన సంగతి కూడా బావ మనసులో ఉంది. ఆముదమే సరిపోయేటప్పుడు దానికన్నా మేలైనది పోస్తే ఇంకా మేలే కదా అనుకున్నాడు. గానుగ దగ్గర నిలబడి, తన కళ్ళెదట ఆడించిన నూనె, గుడ్డలో వడపోయించి తెచ్చాడు. అక్క దానిలోంచి ఒక్క చుక్క కూరలోకి తియ్యలేదు. ఇంత శ్రద్ధగా చేసిన తప్పుని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆముదం రబ్బరుని ఏమీ చెయ్యదు. నువ్వులనూనె దాన్ని ఉబ్బిస్తుంది, తరవాత మెత్తబరుస్తుంది. ఉబ్బినన్నాళ్ళూ కారడం తగ్గింది గనక బావ సంతోషించాడు. బ్రేకు పట్టేసి చక్రం వేడెక్కుతోందని గమనించలేదు. వేడికి కారులో కమ్మటి వాసన వచ్చేదట. బేరానికి ఎక్కిన రైతు ఒకడు, "డ్రైవరుబాబూ, ఇంజన్లో గారెలేస్తన్నావా?" అని అడిగితే కారులో ఉన్నవాళ్ళందరూ నవ్వారట. బావ కూడా నవ్వాడు.

అది జరిగింది బుచ్చయ్యపేట వెళ్ళే దారిలో, చిన్న వంతెన ముందున్న పల్లంలో. పట్టపగలు. ఎదర చెరుకు బండి పోతోంది. బండివాడు దిగి ఎద్దుల పక్కన నడుస్తున్నాడు. బావ దూరం నుంచే బ్రేకు తొక్కాడు. పెడలు కాళ్ళ కింది పలక దాకా దిగిపోయింది. మళ్ళీ తొక్కాడు, చేతి బ్రేకు లాగాడు, హారను కొట్టాడు. బండివాడు వెనక్కి తిరిగి చూశాడు గాని పక్కకి తప్పుకోవడానికి వంతెన గోడ అడ్డం. కారుకీ గోడకీ మధ్య నలిగి చక్రాల కిందికి జారిపోయాడు.

బావ కారు కిందికి దూరి అతన్ని బయటికి లాగాడు. అప్పటికే ప్రాణం లేదు. ఆ దూరడంలో చక్రం లోంచి పోతున్న నూనె బావ భుజం మీదా చొక్కా మీదా పడింది. గొట్టాల్లో ఇంకా పాత బ్రేకు నూనె కొంత మిగిలే ఉంది. దానిలో స్పిరిట్టు కలుస్తుందని ముందే చెప్పాను. పొలాల్లోంచి పరిగెత్తుకొచ్చిన జనానికి కనిపించింది శవమూ, రక్తం చేతులతో నిలబడ్డ బావా. ముక్కుకి తగిలింది స్పిరిట్టు. ఎవరో, "సారా కంపు కొడతన్నాడు" అన్నారు. ఆ ఒక్క మాట బావ కన్నా ముందు చోడవరం చేరింది. నేను కొట్లో ఉండగానే విన్నాను.

కేసులు రెండు పెట్టారు: అజాగ్రత్తగా నడిపి మనిషి చావుకి కారణమైనందుకు ఒకటి, తాగి ఉన్నందుకు ఒకటి. జామీను మీద ఇంటికి వచ్చిన బావ మొదటి దానికి ఎదురు చెప్పలేదు. ఆ మనిషి చచ్చిపోయిన మాట నిజం, దానికి నేను ఏ శిక్షైనా పడతాను అన్నాడు. రెండోది మాత్రం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఆదివారం ప్రార్థనకి వెళ్తే బల్ల మీద ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. నేనూ అక్కా చెరో వైపు కూర్చున్నాం.

కారుని పోలీసు స్టేషను ఆవరణలో పెట్టారు. మోటారు ఇనస్పెక్టరు వచ్చి పెడలు తొక్కి చూసి, బ్రేకు లేదని రాసుకుని వెళ్ళిపోయారు. ఎందుకు లేదో ఎవరూ చూడలేదు. హెడ్డు కానిస్టేబులుని బతిమాలి, ఆయన ఎదటే వెనక చక్రం విప్పించాను. డ్రమ్ము లోపలంతా తడి. కప్పుని వేళ్ళతో పట్టుకుంటే నానిన శనగలా ఉబ్బి, అంచు తునిగి చేతికి వచ్చింది. తడిని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పాత స్పిరిట్టు ఘాటు కాస్త మిగిలే ఉంది, దానిమీద తేలుతున్నది మాత్రం ఆముదం కాదు, ఇంజను ఆయిలు కాదు. ఆ వాసన నాకు పుస్తకంలోది కాదు, ఇంట్లోది.

హెడ్డు నవ్వుతూ, "ఏటోయ్ లైబ్రరీ, వంటేటి?" అన్నాడు.

ఇంటికి వెళ్ళి అక్కని, బ్రేకులో పోసింది ఏమిటని అడిగాను. అక్క తడబడలేదు. గూట్లోంచి సీసా తీసి నా ముందు పెట్టింది.

"మంచినూనేరా. పిల్లలకైనా ఎయ్యకుండా దానికే పోసేం. ఏం, సాల్లేదేటి?"

నేను బొమ్మలు గీసి చెప్పాలనుకున్నవన్నీ మింగేశాను. బావ వెనక గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. ఆ మెకానిక్కు అన్నది మంచినూనె కాదా అని మాత్రం అడిగాడు. మంచి, నూనె అని విడదీసి, మేలురకం బ్రేకు నూనె అని దాని అర్థమని చెప్పాను. ఆ రెండు మాటల్నీ బావ తనలో తాను కలిపీ విడదీసీ అనుకుంటూ అక్కడే కూర్చుండిపోయాడు.

ప్లీడరు గారు అంతా విని, ఈ నూనె ఊసు కోర్టులో ఎత్తవద్దన్నారు. ఆయన లెక్క సబబైనదే. డాక్టరు పరీక్ష చెయ్యలేదు గనక తాగాడన్నది వాసన మీదే నిలబడిన మాట; సందేహం కింద పోతుంది. బ్రేకు ఉన్నట్టుండి పోయిందంటే అజాగ్రత్త కేసూ పోవచ్చు. వాసన బ్రేకు నూనెదని చెప్పామా, ఆ చక్రాన్ని కోర్టు ముందు పెట్టాలి. పెడితే నువ్వులనూనె బయటపడుతుంది. వంటనూనె పోసిన బ్రేకుతో జనాన్ని ఎక్కించుకుని తిరిగాడని తనే ఒప్పుకున్నట్టవుతుంది. నోరు మూసుకుంటే ఇంటికి, విప్పితే జైలుకి అని తేల్చేశారు.

బావ కండువా మడత పెట్టుకుంటూ అన్నాడు: "సందేహం మీద ఒగ్గేస్తే నేను సచ్చేదాకా తాగినోణ్ణేనండి. తాగలేదని కోర్టులో రాయించండి. తరవాత మీరేటి రాసుకున్నా సరే."

అక్క ఏడ్చింది. ప్లీడరు గారు నా వైపు చూశారు, నేనైనా ఆపుతానేమోనని. నేను ఆపలేదు. నిజం నా చేతిలో ఉంది, అది చూపించడానికి బోను ఉంది. అప్పటి నా వయసుకి అంతకన్నా పై మాట తోచలేదు.

కోర్టులో ఆ కప్పు చూపించి, స్పిరిట్టు ఎక్కడిదో, రబ్బరు ఎందుకు ఉబ్బిందో చెప్పాను. మేజిస్ట్రేటు గారు ఓపికగా విన్నారు. ఏం చదువుకున్నావని అడిగితే గ్రంథాలయం అన్నాను. అందులో పోసింది ఏమిటని అడిగినప్పుడు మంచినూనె అన్నాను. వెనక బల్లల మీద ఎవరో పకపకా నవ్వారు, అది గదంతా పాకింది, బంట్రోతు వెళ్ళి కేకలెయ్యాల్సి వచ్చింది. బావ తల దించుకుని నిలబడ్డాడు. తాగాడన్న కేసు కొట్టేశారు. అజాగ్రత్త కేసులో శిక్ష వేశారు. కానిస్టేబులు తీసుకుపోతుంటే బావ నా దగ్గర ఆగి, కొట్టేసేరు కదా, అది రాసేరు కదా అని రెట్టించి అడిగాడు. రాశారని చెప్పాను.

జైలు నుంచి మనిషి చిక్కి వచ్చాడు. లైసెన్సు పోయింది, కారు తుక్కు కింద పోయింది. రోలుగుంటలో ఎవరి చెరుకు తోటలోనో కాపలా పని దొరికింది. ఊరు తీర్పు కాగితం చదవలేదు. తాగి గుద్దేడన్నవాళ్ళు అలాగే అంటూ వచ్చారు. కోర్టుకి వచ్చి విన్నవాళ్ళు మాత్రం ఆయనకి మంచినూనె అని పేరు పెట్టారు. సంతలో వెనక నుంచి పిలిచేవారు. తాగాడని చెప్పుకునేటప్పుడు జనం గొంతు తగ్గించేవారు. ఇది చెప్పుకునేటప్పుడు నవ్వేవారు.

కొన్నాళ్ళకి బావ నన్ను తోడు రమ్మన్నాడు. చచ్చిపోయిన బండివాడి భార్య దగ్గరికి. ఆవిడ కోర్టుకి రాలేదు. తన మొగుణ్ణి తాగినవాడు చంపలేదని ఆవిడకి తెలియాలి, నా మాటగా కాదు, నీ పుస్తకం మాటగా చెప్పు అన్నాడు. బుచ్చయ్యపేట దాటి పొలాల గట్ల మీద నడిచి వెళ్ళాం.

ఆవిడ అరుగు మీద కూర్చుని చేటతో ఉలవలు చెరుగుతోంది. పాకలో ఒక ఎద్దే కట్టి ఉంది. బావని చూసి పోల్చుకుంది. లేవలేదు, పొమ్మనలేదు.

బావ నిలబడే అన్నాడు. "అమ్మా, నేనారోజు తాగలేదు. అదొక్కటే సెప్పుకుందారని వచ్చేను."

మరేం జరిగిందని ఆవిడ నన్ను అడిగింది. చెప్పాను. బొమ్మలు లేకుండా, ఇంగ్లీషు ముక్క రాకుండా, రబ్బరు గురించీ నూనె గురించీ, ఒక మాటని రెండుగా వినడం గురించీ చెప్పాను. నా జీవితంలో ఏ సంగతీ అంత తేటగా ఎవరికీ చెప్పలేదేమో. ఆవిడ మధ్యలో చేట ఆపేసి వింది. అర్థమైందని కళ్ళలో కనిపించింది.

"తాగినోడనుకుని ఇన్నాళ్ళూ తిట్టుకుంటన్నాను బాబూ," అంది. "పొద్దున్న లెగిసి ఓపాలి తిట్టుకుంటే కడుపు సల్లబడీది. పనిలో పడీదాన్ని. ఇప్పుడు నూనంటన్నారు. నాను నూనిని తిట్టుకోనా?"

ఆవిడ మళ్ళీ చేట అందుకుంది. ఎండెక్కుతోంది, ఎల్లండి అంది, కోపం లేకుండానే.

గట్టు మీద చాలా దూరం వచ్చాక బావ వెనక్కి తిరక్కుండా, ఆవిడ నమ్మిందంటావా అని అడిగాడు. నమ్మిందన్నాను.

ఆ తరవాత బావ తను తాగలేదన్న మాట ఎవరితోనూ అనగా నేను వినలేదు. సంతలోనో, టీ దుకాణం దగ్గరో, ఎవరైనా తెలియనివాడు ఆ వంతెన కథ ఎత్తి, డ్రైవరు పూటుగా తాగేడట కదా అంటే, బావ అక్కడే ఉండి వినేవాడు. నేను పుస్తకం పట్టుకున్న మనిషిని, ఊరుకోలేక లేచేవాణ్ణి. నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేవాడు.